ఆస్తి వారసులకు చేరాలంటే లాయరు ఎప్పుడు కావాలి?

ఇంటి పెద్ద కన్నుమూశాక, పెద్దకర్మ ముగిసీ ముగియకముందే ఒక చర్చ మొదలవుతుంది. ఆస్తి వ్యవహారాలకు లాయరును పెట్టుకోవాలా, ఆఫీసుల చుట్టూ మనమే తిరిగి చేసుకోవచ్చా అని. చాలా ఇళ్లలో ఈ నిర్ణయం ఆస్తి విలువను బట్టి జరుగుతుంది. కోట్ల ఆస్తి అయితే లాయరు, రెండెకరాలూ ఒక పెంకుటిల్లూ అయితే దస్తావేజు లేఖరి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వారసత్వ వ్యవహారాలు నడిచే తీరును బట్టి చూస్తే ఈ కొలత సరైనది కాదు. రెండు కోట్ల ఫ్లాటు ఉన్నా, వారసులంతా ఒకే మాట మీద ఉండి కాగితాలు సక్రమంగా ఉంటే కోర్టు మెట్లు ఎక్కే పనే ఉండదు. అరెకరం చెక్క అయినా, ఒక్క సంతకం రాకపోతే ఏళ్ల తరబడి సాగే దావా పుడుతుంది. చూసుకోవలసినవి ముఖ్యంగా రెండు. హక్కు ఉన్న ప్రతి ఒక్కరూ సంతకం పెడతారా? ఆ ఆస్తి చనిపోయిన వ్యక్తి పేరు మీదికి వచ్చిన వరస కాగితాల్లో ఎక్కడా తెగకుండా ఉందా?

అమెరికాలో స్థిరపడిన పిల్లలు తరచూ అక్కడి ప్రొబేట్ కోర్టును మనసులో పెట్టుకుని ఈ పనికి దిగుతారు. అక్కడ కోర్టు అధికారమిచ్చిన ఒక వ్యక్తి ఆస్తులన్నీ పోగు చేసి, అప్పులు తీర్చి, మిగిలింది పంచుతాడు. ఇక్కడ చాలా కుటుంబాలకు అలాంటి ఒకే దారి ఉండదు. డిపాజిట్లు బ్యాంకులో, పొలం తహసీల్దారు దగ్గర, ఇంటి పన్ను పేరు మార్పిడి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో, పంపకాల దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ దగ్గర. వారసత్వం మీద పన్ను లేదు. ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది. అందుకే లాయరు కావాలా వద్దా అన్నది మొత్తం ఆస్తికి కలిపి ఒకేసారి తేల్చుకునే విషయం కాదు. ఒక్కో ఆస్తి దగ్గర ఆగి అడగాల్సిన విషయం.

లాయరు లేకుండా నడిచే పనులు

బ్యాంకు డబ్బుతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే అనవసరపు ఖర్చు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఖాతాకు నామినీ ఉంటే మరణ ధ్రువపత్రం, గుర్తింపు కార్డు, దరఖాస్తు సరిపోతాయి. నామినీ లేకపోయినా, వారసుల మధ్య తగాదా లేకపోతే, వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల రూపాయల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు కోర్టు పత్రం అడగకుండానే చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశించింది. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లోగా చెల్లింపు పూర్తి కావాలి. ఈ ఆదేశాల అమలుకు 2026 మార్చి 31ని గడువుగా పెట్టింది. వారసులు ఇవ్వవలసింది నష్టపూచీ పత్రం (తర్వాత ఎవరైనా హక్కు అడిగితే ఆ నష్టం తామే భరిస్తామన్న హామీ), వాటా కోరని వారసుల నుంచి అభ్యంతరం లేదన్న లేఖ. ఈ పనికి లాయరుకు వేలు పోయనక్కర్లేదు. బ్రాంచిలో కుదరదంటే ఆ తిరస్కారాన్ని రాతపూర్వకంగా అడగడం, తర్వాత బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయడం దాటి పోవలసిన అవసరం సాధారణంగా రాదు.

నామినీ విషయంలో మాత్రం ఒక అపోహ కుటుంబాలను చీలుస్తోంది. నామినీగా పేరున్నంత మాత్రాన డబ్బంతా తనదేనని అనుకునేవారు ఇప్పటికీ ఎక్కువే. నామినీ ఆ సొమ్మును వారసుల తరఫున అందుకునే మనిషి మాత్రమేనని సుప్రీంకోర్టు 1984లో సర్బతీ దేవి కేసులో చెప్పింది. షేర్ల విషయంలోనూ అదే వర్తిస్తుందని 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో తేల్చింది. జీవిత బీమాలో 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ముపై వారికే హక్కు ఉంటుంది. బ్యాంకు డిపాజిట్‌కు ఆ మినహాయింపు లేదు. పెద్దకొడుకు నామినీగా డబ్బు తీసుకుని చెల్లెలికి వాటా ఇవ్వనంటే, ఆ చెల్లెలు బ్యాంకును నిందించి ప్రయోజనం లేదు. అన్న మీదే దావా వేయాలి. అప్పుడు లాయరు కావాలి.

పొలం పేరు మార్పిడికి కూడా, అందరూ ఒప్పుకున్నప్పుడు, లాయరు అక్కర్లేదు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత పాసుపుస్తకం, వారసుల అంగీకార పత్రం పెట్టి దరఖాస్తు చేసుకోవాలి. తెలంగాణలో 2020 అక్టోబరు నుంచి ధరణి పోర్టల్‌లో నడిచిన ఈ వ్యవహారం, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం కిందికి వచ్చింది. తహసీల్దారు విచారణ జరిపి విరాసత్ (వారసుల పేరు మార్పిడి) చేయాలి, నచ్చనివారు పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, 1971 ప్రకారం మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పిడి) జరుగుతుంది. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి వారసులకు సంక్రమిస్తుంది, కానీ బదిలీ ఆంక్షలు వారసులకూ వర్తిస్తాయి కాబట్టి, దాన్ని లెక్కలో అందరిలాగే పంచేసి తర్వాత అమ్ముకుందామనుకునే ముందు ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

రికార్డులో పేరెక్కినంత మాత్రాన యాజమాన్యం తేలినట్టు కాదు. తహసీల్దారు హక్కు వివాదాన్ని తీర్చలేడు, ఆ అధికారం సివిల్ కోర్టుది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా ఆ ఇంట్లో ఎవరెవరున్నారో చెబుతుందే తప్ప ఎవరి వాటా ఎంతో చెప్పదు.

కోర్టుకు వెళ్లి సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకునేది బ్యాంకు పరిమితి దాటిన డిపాజిట్లు, షేర్లు, బాండ్లు, రావలసిన బాకీల కోసం. భారత వారసత్వ చట్టం, 1925 కింద వచ్చే ఈ పత్రం ఇంటికీ పొలానికీ పనికిరాదు. ఇది తెలియక పొలం కోసం సక్సెషన్ సర్టిఫికెట్‌కు పిటిషన్ వేసి నెలలు పోగొట్టుకునేవారున్నారు. నిజంగా అవసరమైనప్పుడు మాత్రం దీనికి లాయరును పెట్టుకోవడమే మేలు. వారసులంతా అంగీకరించిన పిటిషన్‌లో వాదనలు పెద్దగా ఉండవు కాబట్టి ఫీజు కూడా మితంగానే మాట్లాడుకోవచ్చు. సొమ్మును బట్టి కోర్టు ఫీజు అదనం.

సంతకాల జాబితాలో కనిపించని పేర్లు

ఒక వ్యక్తి వీలునామా రాయకుండా చనిపోయాడు. సొంత సంపాదనతో కట్టిన ఇల్లు ఒకటుంది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, ఊళ్లో ఉంటున్న ముసలి తల్లి. ఇల్లు నలుగురిదీ అనుకుని దస్తావేజు రాయించుకుంటారు, నానమ్మ సంగతి ఎవరికీ తట్టదు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం తల్లి మొదటి తరగతి వారసురాలు, అంటే భార్యాపిల్లలతో పాటే వాటా పొందుతుంది (తండ్రి రెండో తరగతిలో వస్తాడు). కనుక ఇంటికి ఐదు సమాన వాటాలు, అందులో ఒకటి ఆమెది. రెండేళ్లకు ఆమె కూడా వీలునామా లేకుండా పోయిందనుకుంటే ఆ ఐదోవంతు ఆమె పిల్లలందరికీ వెళుతుంది. అంటే చనిపోయిన వ్యక్తి అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ అందులో భాగం వస్తుంది. ఆయన పిల్లలకు వచ్చేది తండ్రికి రావలసిన వంతు మాత్రమే. పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోతే, కొనేవారి బ్యాంకు న్యాయ సలహాదారు ఈ లోటును పట్టుకుంటాడు. అప్పటికి సంతకాలు కావలసినవారు అరడజను ఊళ్లలో ఉంటారు, వాళ్లలో ఒకరిద్దరు ధర అడుగుతారు. నానమ్మ బతికుండగా, ఆమె ఇష్టపూర్వకంగా తన వాటాపై ఒక నిర్ణయం తీసుకుని ఉంటే ఒక్క దస్తావేజుతో తేలిపోయే పని.

చనిపోయింది స్త్రీ అయితే లెక్క మరోలా ఉంటుంది. పిల్లలు లేని హిందూ స్త్రీకి పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి, వీలునామా లేకపోతే, ఆమె తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. భర్త నుంచో మామగారి నుంచో వారసత్వంగా వచ్చింది భర్త వారసులకు వెళుతుంది. ముస్లిం కుటుంబాల్లో వాటాలు వేరు. మిగతా వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామాతో ఇవ్వడం చెల్లదు. క్రైస్తవులకు 1925 చట్టం వర్తిస్తుంది. పిత్రార్జితమైతే కూతురి వాటా పుట్టుకతోనే వచ్చిందా అన్నది చూడాలి. పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుంచే ఇచ్చింది, 2005 కేంద్ర సవరణ దాన్ని కూతుళ్లందరికీ విస్తరించింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం కదిలించలేరు.

వారసుల పట్టిక తయారు చేయడం చూపుకు చిన్న పనే. తప్పులు ఎక్కువగా దొర్లేది మాత్రం అక్కడే. దావా వేయడానికో, ఏడాది పాటు వ్యవహారం నడపడానికో కాకుండా, ఈ పట్టిక సరిచూసి వాటాలు రాతపూర్వకంగా చెప్పడానికి ఒక సివిల్ లాయరుకు ఒక్క సంప్రదింపు ఫీజు ఇవ్వడం ప్రతి కుటుంబానికీ, ఎంత సఖ్యంగా ఉన్న కుటుంబానికైనా, న్యాయమైన ఖర్చే. మన దగ్గర దీనికి పూర్తి విరుద్ధంగా జరుగుతోంది. సలహాకు ఖర్చు పెట్టరు, తగాదా ముదిరాక దావాకు పదింతలు పెడతారు.

దస్తావేజులో రాయనివి

అందరూ ఒప్పుకుని రాయించుకున్న పంపకాల దస్తావేజే తర్వాత గొడవకు మూలమయ్యే సందర్భాలు చాలా ఉంటాయి. నాలుగెకరాల పొలం, తూర్పున పంచాయతీ రోడ్డు, మధ్యలో ఒక బోరు. రోడ్డు వైపు ముక్క పెద్దవాడికి, బోరున్న ముక్క రెండోవాడికి, పడమటి ముక్క కూతురికి. దస్తావేజు షెడ్యూలులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు తప్పుల్లేకుండా ఉన్నాయి. పడమటి ముక్కకు దారి ఎటు నుంచి, ఎన్ని అడుగుల వెడల్పున అన్నది లేదు. బోరు నీళ్లు ఎవరికి ఎన్ని గంటలో, కరెంటు సర్వీసు ఎవరి పేరునో, మోటారు కాలిపోతే ఖర్చు ఎలా పంచుకోవాలో లేదు. తండ్రి తీసుకున్న పంట రుణం ఎవరు కడతారో లేదు. తోబుట్టువులు మాట్లాడుకున్నన్నాళ్లు ఏ ఇబ్బందీ రాదు. పెద్దవాడు తన ముక్క అమ్మేస్తాడు, కొన్నవాడు గట్టు మీద రాళ్లు పాతి కంచె వేస్తాడు. దారి లేని భూమికి అవసరాన్ని బట్టి దారి హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం గుర్తిస్తుంది కానీ, కొన్నవాడు కాదంటే దాన్ని కోర్టులో నిరూపించుకునే భారం కూతురిదే.

దస్తావేజు లేఖరుల పనిని చిన్నచూపు చూడనక్కర్లేదు. స్టాంపు లెక్కలు, మార్కెట్ విలువలు, ఆఫీసు పద్ధతి వాళ్లకు తెలిసినంతగా చాలామంది లాయర్లకు తెలియవు. ఒకే ఫ్లాటును అమ్మ పేరుకు మార్చుకోవడం లాంటి సరళమైన పత్రానికి వాళ్లు చాలు. కానీ నమూనా పత్రంలో పేర్లూ నంబర్లూ మార్చి రాసే చోట, ఆ కుటుంబానికి మాత్రమే వర్తించే షరతులు చేరవు. నీటి వనరు, ఉమ్మడి దారి, ఉమ్మడి గోడ, తీరని అప్పు ఉన్న పంపకం దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు ముందు లాయరుతో ఒకసారి చదివించుకోవాలి. అప్పుల విషయంలో వారసుల భయం కొంత అనవసరం. చనిపోయిన వ్యక్తి అప్పుకు, తాము పూచీ సంతకం పెట్టి ఉంటే తప్ప, సంక్రమించిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న కారణంతోనే కొడుకు మీద బాకీ మోపే పద్ధతిని 2005 సవరణ తీసేసింది.

కూతుళ్ల సంతకం

తన వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే హక్కు విడుదల దస్తావేజు గురించి గట్టిగానే చెప్పాలి. కర్మకాండలకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచును, తిరిగి వెళ్లేలోగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి సంతకం చేయించుకోవడం ఇప్పటికీ జరుగుతోంది. పెళ్లికి ఇచ్చిన కట్నం, పసుపు కుంకుమల కింద రాసిన భూమి లెక్కలోకి వచ్చేశాయని పెద్దమనుషులు చెబుతారు. ఆ లెక్క కుటుంబం ఒప్పుకుంటే చేసుకోవచ్చు గానీ, చట్టం దానంతటది కట్నాన్ని వాటాలో మినహాయించదు. ఇష్టపూర్వకంగా వదులుకునే హక్కు ఆమెకుంది. ఏం వదులుకుంటోందో, దాని విలువెంతో తెలిసి వదులుకోవాలి. రిజిస్టరైన విడుదల పత్రాన్ని తర్వాత కోర్టులో రద్దు చేయించుకోవాలంటే మోసమో ఒత్తిడో నిరూపించాలి. అది చాలా కష్టమైన పని.

"మన లాయరు గారే అందరికీ చూసిపెడతారు" అన్న మాటకు ఇక్కడ తల ఊపకూడదు. వాటా పుచ్చుకునేవారి తరఫు లాయరు, వాటా వదులుకునే మనిషికి సలహాదారు కాలేడు. ఇద్దరి ప్రయోజనాలు ఒకటి కానప్పుడు ఇద్దరు లాయర్లు ఉండాలి. ఆడపడుచు విడిగా ఒక లాయరును అడగడం అన్నదమ్ముల మీద అపనమ్మకంగా చూడనక్కర్లేదు. ఆమె స్వతంత్రంగా సలహా తీసుకుందన్న సంగతి దస్తావేజులోనే రాస్తే రేపు ఆ పత్రం నిలబడేది కూడా అన్నదమ్ముల మేలుకే.

కోర్టు తప్పని సందర్భాలు

వారసుల్లో మైనర్ ఉన్నప్పుడు సొంత తెలివితో నడవడం ప్రమాదకరం. భర్త చిన్న వయసులో చనిపోతే, అప్పులు తీర్చడానికి భార్య ప్లాటు అమ్మాలనుకుంటుంది. పిల్లల వాటాను, తల్లి అయినా సరే, కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఒప్పుకోదు. అలా అమ్మితే పిల్లలు మేజర్లయిన మూడేళ్లలోగా ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. కాబట్టి తెలిసిన కొనుగోలుదారు ముందుకు రాడు, వచ్చినవాడు ధర కోస్తాడు. జిల్లా కోర్టులో అనుమతి పిటిషన్ లాయరు ద్వారానే వేయించుకోవాలి.

రెండు పెళ్లిళ్లు జరిగిన ఇంట్లోనూ అంతే. చెల్లని వివాహంలో పుట్టిన పిల్లలకు కూడా తల్లిదండ్రుల ఆస్తిలో హక్కుందని, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలోనూ భాగం ఉంటుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండో కుటుంబాన్ని కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో రాయకుండా వదిలేస్తే సమస్య పోదు, తప్పుడు ప్రకటన చేసిన నేరం అదనంగా చేరుతుంది.

వీలునామా ఉంటే అది రిజిస్టరైందా అన్నదే అందరూ అడుగుతారు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రిజిస్టరైనంత మాత్రాన తిరుగులేనిదీ కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. వివాదం వస్తే వారిలో ఒకరైనా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పాలి. చెన్నై, ముంబై, కోల్‌కతా నగరాల్లో హిందువుల వీలునామాలకు దశాబ్దాల పాటు ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనన్న కోర్టు ధ్రువీకరణ) తప్పనిసరిగా ఉండేది. తెలుగు రాష్ట్రాల్లో రాసి, ఇక్కడి ఆస్తికే పరిమితమైన వీలునామాకు ఆ షరతు లేదు. అందుకే ఎవరూ అభ్యంతరపెట్టని వీలునామాతో లాయరు లేకుండానే పేరు మార్పిడికి వెళ్లవచ్చు. ఒక కొడుక్కే అంతా రాసిన వీలునామా, మంచాన పడ్డాక రాసిన వీలునామా, లాభం పొందినవాడే దగ్గరుండి రాయించిన వీలునామా అయితే మొదటి రోజే లాయరు దగ్గరికి వెళ్లాలి, అది ఏ పక్షానికైనా.

తొందర అవసరమైన సందర్భం ఇంకొకటుంది. ఒక వారసుడు తన ఒక్కడి పేరునే రికార్డు మార్పించుకుని ఆస్తిని బేరం పెట్టాడని తెలిస్తే పెద్దమనుషుల పంచాయితీ కోసం వారాలు ఎదురుచూడకూడదు. దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ దావా ఫలితానికి కట్టుబడాలి. దావాకు ముందే కొన్నవాడి చేతి నుంచి ఆస్తిని తెచ్చుకోవడం చాలా కష్టం. ఉమ్మడి ఆస్తి నుంచి తనను బయటపెట్టారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లు గడిస్తే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో వాటా అడిగే దావాకు కాలపరిమితి దాటిపోతుంది.

ఫీజు మాట్లాడుకునే తీరు

సరిపోయిన లాయరు సివిల్ దావాలు, రెవెన్యూ రికార్డులు రెండూ తెలిసినవాడై, ఆస్తి ఉన్న జిల్లాలోనే ప్రాక్టీసు చేస్తుండాలి. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల పత్రం), పహాణీ లేదా అడంగల్ (పొలం రికార్డు) నకళ్లు, లింకు దస్తావేజులు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు), వారసుల వివరాలు తీసుకుని వెళితే మొదటి కలయికలోనే చాలా తేలుతుంది. పంపకాల దావాలో మొదట వాటాలు తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, తర్వాత ముక్కలు విడదీసే ఫైనల్ డిక్రీ ఉంటాయి. ఫీజు ఏ దశ వరకో ముందే రాతలో ఉండాలి. ఆస్తి తన ఉమ్మడి స్వాధీనంలో ఉందని చెబుతూ వేసిన దావాకు కోర్టు ఫీజు స్వల్పం, స్వాధీనం తప్పించారని వేస్తే వాటా విలువను బట్టి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం దావా పత్రంలో ఎలా రాస్తున్నారో కక్షిదారు అడిగి తెలుసుకోవాలి.

గెలిస్తే ఎకరంలో ఇన్ని సెంట్లు ఇవ్వండి అనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. చేతిలో డబ్బు లేని వారసులకు అది ఆకర్షణగా కనిపించవచ్చు, కానీ అలా అడిగే లాయరును వదిలేయడమే క్షేమం. ఫీజు బాకీ ఉందని కాగితాలు ఆపే హక్కు కూడా లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పింది. విదేశాల్లో ఉన్న వారసులు పంపే పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణతోనో, నోటరీ, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువముద్ర)తోనో వచ్చి, భారత్‌కు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించుకోవాలి. ఆ పత్రంలో అమ్మకపు అధికారం నిజంగా అవసరమా అన్నది సంతకానికి ముందు ఆలోచించాలి. పేరు మార్పిడికీ పంపకానికీ మాత్రమే అధికారమిస్తే చాలు.

ఖర్చు భరించలేమని వెనక్కి తగ్గేవారిలో ఎక్కువమంది భర్తను పోగొట్టుకున్న స్త్రీలు, వాటా అందని కూతుళ్లు. న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికీ ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇస్తారు. కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు, 15100కు ఫోను చేయవచ్చు. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లి రాజీ కుదుర్చుకునే వీలు కూడా అక్కడే ఉంది. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. అందుకే రాజీ పత్రంలోని షెడ్యూలును, దారినీ నీళ్లనూ కూడా కలిపి, సంతకానికి ముందు ఆ కార్యాలయం ఇచ్చిన లాయరుతోనే చదివించుకోవాలి.